పాత మారుతి 800కి ఏసీ పెట్టించాలి, 25 వేలలో అవుతుందా?

దేవరకొండ_800 | ఏప్రిల్ 2, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. మాది దేవరకొండ దగ్గర పల్లె. నాన్న 2004లో కొన్న మారుతి 800 ఇప్పటికీ ఇంట్లో ఉంది. స్టాండర్డ్ మోడల్, ఏసీ లేదు. ఎంపీఎఫ్ఐ (కార్బరేటర్ కాకుండా కంప్యూటర్ పెట్రోలు చిమ్మించే) ఇంజిన్, 86 వేల కిలోమీటర్లు తిరిగింది. 15 ఏళ్ళు నిండినప్పుడు ఒకసారి, 2024లో ఇంకోసారి ఆర్సీ రెన్యువల్ చేయించాం. బండి గురించి నాకు బెంగ లేదు.

బెంగంతా అమ్మ గురించే. డిసెంబర్ నుంచి వారానికి మూడు రోజులు నల్గొండలో డయాలసిస్. పోనురాను 110 కిలోమీటర్లు. పొద్దున ఆరింటికి బయల్దేరతాం కాబట్టి పోయేటప్పుడు ఇబ్బంది లేదు. మిషన్ మీద నాలుగు గంటలు ఉండి, సూదులు తీసి, రక్తం ఆగిందాకా కూర్చొని బయటికి వచ్చేసరికి ఒంటిగంట అవుతుంది. అప్పటికి బీపీ పడిపోయి ఉంటుంది. దాహమైనా కడుపునిండా నీళ్ళు తాగే వీల్లేదు, డాక్టర్ చెప్పిన కొలత దాటకూడదు. అద్దాలు దించితే వడగాలి, ఎత్తితే ఉక్క. మొన్న సోమవారం ఊరు దాటిన కాసేపటికే వాంతి చేసుకుని వెనక సీట్లో పడుకుండిపోయింది. ఇది ఏప్రిల్ మొదలే. మే నెలలో నల్గొండ ఎండ ఎట్లుంటదో ఇక్కడ అందరికీ తెలుసు.

25 వేలు పక్కన పెట్టాను. ఒక షెడ్డులో అడిగితే "800కి ఏసీ పెడితే బండి కదలదు" అన్నారు. ఇంకొక చోట 45 వేలు అన్నారు. నిజంగా చేయించినవాళ్ళు ఉంటే చెప్పండి.

గద్వాల_రైడర్ | ఏప్రిల్ 2, రాత్రి 10:15

అన్నా, 12 వోల్టుల పోర్టబుల్ ఏసీలు ఆన్‌లైన్‌లో మూడు వేలకు దొరుకుతున్నాయి. సిగరెట్ లైటర్ సాకెట్లో పెట్టుకుంటే చాలంటున్నారు. ముందు అది చూడరాదా?

వనపర్తి_ఫిజిక్స్ | ఏప్రిల్ 3, ఉదయం 6:20

తమ్ముడూ, దాని మీద డబ్బులు పెట్టొద్దు. లెక్క చెప్తాను. చిన్న కారు ఏసీ సుమారు ఒక టన్ను చల్లదనం ఇస్తుంది, అంటే మూడున్నర కిలోవాట్లు. అంత చల్లదనాన్ని కరెంటుతో తేవాలంటే కనీసం కిలోవాటు పైనే కావాలి. 12 వోల్టుల దగ్గర అది వంద ఆంపియర్లు. లైటర్ సాకెట్ ఫ్యూజు 10, 15 ఆంపియర్ల దగ్గరే ఎగిరిపోతుంది. అంటే ఆ డబ్బా ఏం చేసినా 180 వాట్లలోపే చేయాలి, ఇంట్లో టేబుల్ ఫ్యాన్ రెండు మూడు తిప్పేంత.

లోపల ఉండేది చిన్న ఫ్యాను, తడి స్పాంజి. ఇంట్లో కూలర్ పనిచేసేది కిటికీలోంచి పొడిగాలి లోపలికి వచ్చి ఇంకో తలుపులోంచి బయటికి పోతుంది కాబట్టి. అద్దాలు ఎత్తిన కారులో పెడితే పది నిమిషాల్లో గాలంతా తేమతో నిండిపోతుంది. చెమట ఆరదు, ఉక్క పెరుగుతుంది. బీపీ పడిపోయిన మనిషికి అది ఇంకా ప్రమాదం.

జడ్చర్ల_సుమో | ఏప్రిల్ 3, ఉదయం 8:05

నేను సుమోకి పెట్టించాను, నాలుగేళ్ళయింది. అది రెండు లీటర్ల డీజిల్, 800తో పోల్చలేం. అయినా ఒక మాట. ఆ డబ్బులకు బండి అమ్మేసి, ఇంకో లక్ష వేసి, ఏసీతో వచ్చిన పాత ఆల్టో చూసుకోవడం మంచిది కదా? 22 ఏళ్ళ బండి మీద 25 వేలు పెడితే అమ్మేటప్పుడు రూపాయి తిరిగి రాదు.

దేవరకొండ_800 | ఏప్రిల్ 3, మధ్యాహ్నం 2:30

సుమో అన్నా, మీరు చెప్పింది నేనూ ఆలోచించాను. డయాలసిస్ ఆరోగ్యశ్రీలో అవుతుంది, కానీ మందులు, ఇంజెక్షన్లు, ప్రయాణం మా చేతి నుంచే. ఇప్పుడు లక్ష అప్పు తేలేను. పైగా తెలియని పాత బండి కొంటే దాంట్లో ఏముందో తెలియదు. ఈ బండికి ప్రతి ఆయిల్ మార్పు నా చేతుల మీదే జరిగింది. రోడ్డు మధ్యలో ఆగదని నమ్మకం. అమ్మను తీసుకెళ్ళేటప్పుడు ఆ నమ్మకమే నాకు ముఖ్యం.

పాలమూరు_ఏసీ_షెడ్డు | ఏప్రిల్ 3, రాత్రి 10:50

తమ్మీ, నీ పోస్టు మా అబ్బాయి చూపించాడు. నేను మహబూబ్‌నగర్‌లో 22 ఏళ్ళుగా ఇదే పని చేస్తున్నాను. 800కి ఏసీ పెడితే బండి కదలదన్న మాట తప్పు. కంపెనీయే ఇదే 796 సీసీ ఇంజిన్ మీద ఏసీ మోడల్ అమ్మింది. 37 హార్స్‌పవర్ ఇంజిన్ నుంచి కంప్రెసర్ మూడు నాలుగు తీసుకుంటుంది కాబట్టి పికప్ తగ్గుతుంది, మైలేజీ తగ్గుతుంది. నలుగురు ఎక్కి ఘాట్ ఎక్కాలంటే ఏసీ బంద్ చేయాలి. నువ్వు, అమ్మ ఇద్దరే చదునైన రోడ్డు మీద పోవడానికి ఏ ఇబ్బందీ లేదు.

బండి చెడేది ఏసీ వల్ల కాదు, ఏసీ పెట్టేముందు చూడాల్సింది చూడకపోవడం వల్ల. కండెన్సర్ రేడియేటర్ ముందు కూర్చుంటుంది. లోపలి వేడినంతా కండెన్సర్ బయటికి ఊదితే, ఆ వేడిగాలే రేడియేటర్‌లోకి పోతుంది. అంటే రేడియేటర్‌కు ఇప్పటిదాకా లేని బరువు పడుతుంది. మీ నల్గొండ వైపు నుంచి నా దగ్గరికి వచ్చిన బండ్లలో పదికి ఏడు రేడియేటర్లు తెల్లగా ఉప్పు పట్టి ఉంటాయి. ఎప్పుడు నీళ్ళు తగ్గినా బోరు నీళ్ళే పోస్తారు. మీ దగ్గరవి గట్టినీళ్ళు. సగం గొట్టాలు మూసుకుపోయినా ఏసీ లేనన్నాళ్ళు బండి సర్దుకుంటుంది. ఏసీ పెట్టిన వారానికి హీట్ ఎక్కి హెడ్ గాస్కెట్ (ఇంజిన్ పైభాగం కింద ఉండే సీలు) పోతుంది. అప్పుడు అందరూ ఏసీని తిడతారు.

కాబట్టి నీ 25 వేలలో మొదటి మూడు నాలుగు వేలు ఏసీవి కావు, రేడియేటర్‌వి. మూత తీసి లోపల టార్చ్ వేసి చూడు. గొట్టాల మూతుల దగ్గర తెల్లటి పొర కనబడితే కడిగించడం కాదు, మార్చేయ్. థర్మోస్టాట్ (ఇంజిన్ వేడిని బట్టి నీళ్ళ దారి తెరిచే వాల్వ్) ఉందో లేదో చూడు, చాలామంది తీసి పడేస్తారు. సిలిండర్లలో ఒత్తిడి ఎంతుందో చూసే కంప్రెషన్ టెస్ట్ చేయించు. మూడు సిలిండర్లూ ఒకటిగా ఉంటేనే ముందుకు పో. ఇవన్నీ చూసి ఫొటోలు పెట్టు, తర్వాత కిట్ సంగతి చెప్తాను.

చౌటుప్పల్_అక్క | ఏప్రిల్ 4, ఉదయం 7:10

తమ్ముడూ, మా ఆయనకు కూడా మూడేళ్ళ నుంచి డయాలసిస్. నేనే డ్రైవ్ చేసుకుని తీసుకెళ్తాను. ఏసీ అయ్యేలోపు ఈ నెల రోజులు ఏం చేయాలో చెప్తాను, నేను చేసినవే.

బండిని ఎండలో ఆపొద్దు. నీడ లేకపోతే ముందు అద్దానికి లోపల వెండిరంగు షేడ్ అడ్డం పెట్టు, సీటు మీద తెల్ల దుప్పటి వెయ్యి. ఎండలో ఆపిన బండి లోపల బయటికన్నా చాలా ఎక్కువ కాలుతుంది, అందులో కూర్చోబెట్టిన మొదటి పది నిమిషాలే మనిషిని కుంగదీస్తాయి. అమ్మను ఆసుపత్రి వరండాలోనే కూర్చోబెట్టి, నువ్వు ముందు వెళ్ళి నాలుగు తలుపులూ తీసి ఐదు నిమిషాలు ఉంచు. తర్వాత తీసుకురా. తడి తువ్వాలు మెడ మీద వేస్తే నీళ్ళు తాగకుండానే దాహం కొంత తగ్గుతుంది. నల్ల ఫిల్ములు మాత్రం వేయించకు. 2012లో సుప్రీంకోర్టు తీర్పు వచ్చిన తర్వాత నుంచి చలాన్లు రాస్తూనే ఉన్నారు.

ఇంకొకటి. డయాలసిస్ టైము మార్చమని అడిగావా? మాకు మొదట మధ్యాహ్నం షిఫ్ట్ ఇచ్చారు. ఎండాకాలమని చెప్పి అడిగితే పొద్దున మొదటి షిఫ్ట్‌కు మార్చారు. బతిమాలాల్సి వచ్చినా అడుగు.

దేవరకొండ_800 | ఏప్రిల్ 6, రాత్రి 8:45

అక్కా, నిన్నటి నుంచి అట్లే చేస్తున్నాను. తలుపులు తీసి ఉంచడం ఎంత తేడానో! షిఫ్ట్ కోసం అడిగాను, ఖాళీ అయితే చెప్తామన్నారు.

షెడ్డు అన్నా, మీరు చెప్పినట్టే రేడియేటర్ మూత తీసి చూశాను. వేలు పెట్టి గీకితే సున్నంలాగా రాలింది. నాన్న ఉన్నప్పుడు ఇంటి ముందు బోరు నీళ్ళే పోసేవారు. నేనూ అదే చేశాను. కంప్రెషన్ మాత్రం మూడు సిలిండర్లకూ దగ్గర దగ్గరగా వచ్చింది, మెకానిక్ బాగుందన్నాడు.

పాలమూరు_ఏసీ_షెడ్డు | ఏప్రిల్ 6, రాత్రి 11:20

ఇంజిన్ బాగుంటే సగం పని అయినట్టే. ఇప్పుడు కిట్.

యూనివర్సల్ కిట్ తీసుకోకు. నీ బండిదే, అంటే ఎంపీఎఫ్ఐ 800 ఏసీ మోడల్ తుక్కుకు వచ్చినది ఒకటి పట్టుకో. కంప్రెసర్ ఒక బండిది, బ్రాకెట్ ఇంకో బండిది అయితే బెల్టు వరస కుదరదు. వరస రెండు మిల్లీమీటర్లు తప్పినా బెల్టు కీచుమంటూ తెగుతుంది. క్రాంక్ మీద రెండో గాడి ఉన్న పుల్లీ, బెల్టు బిగించే ఐడ్లర్, కంప్రెసర్ బ్రాకెట్, దాని బోల్టులు, డ్యాష్ కింద కూలింగ్ కాయిల్ పెట్టె, గొట్టాలు, వైరింగ్ ముక్క, డ్యాష్ మీది స్విచ్, అన్నీ ఒకే బండి నుంచి రావాలి. బోల్టులు కూడా లెక్కపెట్టి తెచ్చుకో. వాటి కోసం తర్వాత రెండు రోజులు తిరుగుతావు.

పాతవి వాడదగ్గవి కంప్రెసర్, బ్రాకెట్, పుల్లీ, కాయిల్ పెట్టె. కొత్తగా కొనాల్సినవి కండెన్సర్, డ్రయ్యర్, ఎక్స్‌పాన్షన్ వాల్వ్, జాయింట్లలో వేసే రబ్బరు ఓ-రింగులు. డ్రయ్యర్ లోపల తేమ పీల్చే గింజలుంటాయి. తుక్కు బండిలో గొట్టం తెరిచి ఉంటే అవి గాల్లోని తేమంతా తాగేసి ఉంటాయి, ఇంక పనిచేయవు. డ్రయ్యర్‌కు కక్కుర్తి పడినవాడు కంప్రెసర్ కొనుక్కుంటాడు.

కంప్రెసర్ చూసే పద్ధతి చెప్తాను. ముందు దాని మూతి మీదుండే క్లచ్ ప్లేటును చేత్తో తిప్పు. మెత్తగా, ఒక్కతీరు బరువుతో తిరగాలి. గరగర వద్దు, ఎక్కడా పట్టేయొద్దు. తర్వాత గొట్టాల మూతులు కిందికి వంచి లోపలి నూనెను స్టీల్ గ్లాసులోకి ఒలికించు. పల్చటి పసుపురంగులో ఉంటే తీసుకో. నల్లగా ఉన్నా, ఎండలో పెట్టి చూస్తే వెండి పొడి మెరిసినా వదిలేయ్, ఎంత తక్కువకిచ్చినా వద్దు. ఆ లోహపు పొడి కొత్త కండెన్సర్‌ను కూడా తినేస్తుంది.

గ్యాస్ నింపే మూతులు మరతో బిగించేవి ఉంటే అది 90ల నాటి ఆర్-12 గ్యాస్ కిట్. దాని నూనె వేరు, రబ్బర్లు వేరు, తీసుకోకు. తర్వాత వచ్చిన ఆర్-134ఎ గ్యాస్ కిట్‌కు నొక్కి తగిలించే మూతులుంటాయి.

సూర్యాపేట_అంబాసిడర్ | ఏప్రిల్ 7, ఉదయం 9:00

పెద్దన్న మాటకు ఒక చిన్న సవరణ. యూనివర్సల్ కిట్లన్నీ చెడ్డవి కావు. నా డీజిల్ అంబాసిడర్‌కు డ్యాష్ కింద వేలాడే పెట్టె పెట్టించి ఆరేళ్ళయింది, ఇంకా చల్లగానే ఉంది. అంబాసిడర్, జీపులాంటి వాటికి బానెట్ కింద చోటుంటుంది, లోకల్‌గా బ్రాకెట్ చేయించుకోవచ్చు. గొట్టాలు మాత్రం మిషన్ మీద క్రింపు చేయించాలి, క్లిప్పులతో బిగిస్తే నెలకోసారి గ్యాస్ కొట్టించాల్సిందే. 800కు మాత్రం చోటు లేదు కాబట్టి ఆయన చెప్పిందే సరైనది.

మిర్యాల_లారీ | ఏప్రిల్ 7, రాత్రి 9:30

నేను రైస్ మిల్లు లోడ్లు తోలుతాను. పాత పది టైర్ల లారీ. కొత్తగా తయారయ్యే లారీల క్యాబిన్లకు 2025లో ఏసీ తప్పనిసరి చేశారు, కొత్త బండ్లు ఎక్కినవాళ్ళు హాయిగా ఉన్నారు. మా పాత బండ్ల సంగతేంటి? కారు కిట్ లారీకి పెట్టుకోవచ్చా? ఇంజిన్ పక్కనే కూర్చుంటాం, మధ్యాహ్నం పూట పాదాలు కాలిపోతున్నాయి.

పాలమూరు_ఏసీ_షెడ్డు | ఏప్రిల్ 7, రాత్రి 10:40

లారీ తమ్ముడూ, నీది 24 వోల్టుల బండి. కారు కిట్‌లో క్లచ్ కాయిలు, బ్లోయర్ మోటారు, ఫ్యాను అన్నీ 12 వోల్టులవి. నేరుగా పెడితే ఒక్క రోజులో కాలిపోతాయి. ఒకే బ్యాటరీ నుంచి 12 తీసుకొమ్మని ఎవరైనా అంటే వినకు, రెండు బ్యాటరీలూ సమంగా చార్జ్ కాక ఒకటి చచ్చిపోతుంది. 24 వోల్టుల క్లచ్, మోటార్లున్న కిట్ అడుగు. నీ ఇంజిన్‌కు శక్తి కొరత లేదు, హాయిగా లాగుతుంది. ముందు ఒక పని చెయ్యి. క్యాబిన్ ఫ్లోర్ కింద, ఇంజిన్ కవర్ లోపలి వైపు వేడి ఆపే షీట్ వేయించు. అది లేకుండా ఏసీ పెట్టినా సగం చల్లదనం ఇంజిన్ తినేస్తుంది.

దేవరకొండ_800 | ఏప్రిల్ 12, రాత్రి 10:10

నిన్న డయాలసిస్ లేని రోజు కాబట్టి హైదరాబాద్ ఆటోనగర్ పోయాను. పొద్దున పది నుంచి మూడింటిదాకా తిరిగాను. మొదటి రెండు చోట్ల కంప్రెసర్ ఒకటే ఉంది, బ్రాకెట్ లేదు. మూడో చోట 2006 ఏసీ 800 మొత్తం విప్పుతున్నారు. షెడ్డు అన్న చెప్పినట్టు స్టీల్ గ్లాసు నేనే ఇంటి నుంచి తీసుకెళ్ళాను. షాపతను వింతగా చూశాడు కానీ ఏమీ అనలేదు. నూనె ఒలికిస్తే లేత టీ రంగులో వచ్చింది. ఎండలోకి తీసుకెళ్ళి గ్లాసు వంచి వంచి చూశాను, మెరుపు లేదు. 13 వేలు చెప్పి 9,500కు ఇచ్చాడు, బోల్టులతో సహా. ఏసీకి కరెంటు ఎక్కువ కావాలి కాబట్టి అదే బండి డైనమో కూడా 2,200కు తీసుకున్నాను.

రేడియేటర్ కొత్తది 3,200, కండెన్సర్ 2,800. డ్రయ్యర్, వాల్వ్, ఓ-రింగులు, బెల్టు కలిపి సరిగ్గా రెండు వేలయ్యాయి. నల్గొండలో మాకు తెలిసిన షెడ్డులో ఐదు వేలకు బిగించడానికి ఒప్పుకున్నారు.

జడ్చర్ల_సుమో | ఏప్రిల్ 13, ఉదయం 7:50

తమ్ముడూ, గ్యాస్ విషయంలో నాకు జరిగింది చెప్పి తీరాలి. మొదటిసారి నా సుమోకి ఒక చోట 600కే గ్యాస్ కొట్టారు. నెల రోజులు మంచులాగా ఉంది. ఒకరోజు డ్యాష్ దగ్గర గ్యాస్ పొయ్యి వాసన వచ్చింది. వెళ్ళి అడిగితే అతను వాడిన డబ్బా చూపించాడు, దాని మీద మంట బొమ్మ ఉంది. అది ఆర్-134ఎ కాదు, మండే గ్యాసు కలిపినది. చల్లగానే ఉంటుంది, తేడా తెలియదు. కానీ కూలింగ్ కాయిల్ మన మోకాళ్ళ ముందే ఉంటుంది. అక్కడ లీకై, ఏదో రిలే దగ్గర నిప్పురవ్వ పుడితే? పిల్లలు వెనక కూర్చొని ఉన్నారు ఆరోజు. అప్పటి నుంచి సీలున్న డబ్బా నా ముందు తెరిస్తేనే నింపనిస్తాను. ఆర్-134ఎ మండదు. నువ్వూ డబ్బా చూసి, తూకం మీద పెట్టించి గ్రాముల లెక్కన నింపించు.

పాలమూరు_ఏసీ_షెడ్డు | ఏప్రిల్ 13, రాత్రి 11:00

సుమో తమ్ముడు చెప్పింది నూటికి నూరు పాళ్ళు నిజం. దాంతోపాటు ఈ మూడు విషయాల్లో మెకానిక్‌ను తొందరపెట్టకు, తొందరపడితే ఆపు.

గ్యాస్ నింపేముందు వాక్యూమ్ పంపు కనీసం ముప్పావుగంట నడవాలి. గొట్టాల్లో మిగిలిన తేమ ఆ వాక్యూమ్‌లో ఆవిరై బయటికి పోతుంది. పోకపోతే ఎక్స్‌పాన్షన్ వాల్వ్ మూతి దగ్గర మంచు కట్టి, ఏసీ పది నిమిషాలు చల్లగా పది నిమిషాలు వేడిగా వస్తుంది. పైగా నూనెతో కలిసి యాసిడ్ అయి కంప్రెసర్‌ను తింటుంది. పంపు ఆపాక గేజి ముల్లు అరగంట కదలకుండా నిలబడాలి.

కండెన్సర్ ఫ్యాను, బ్లోయర్, క్లచ్ కలిపితే 25 ఆంపియర్ల దాకా లాగుతాయి. పాత స్విచ్ మీద నేరుగా వేయొద్దు. బ్యాటరీ నుంచి లావు వైరు, ప్రతిదానికి రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును వేసే స్విచ్), ప్రతిదానికి ఫ్యూజు. పాత బండ్లలో మంటలు వచ్చేది ఎక్కువగా ఇట్లాంటి అతుకు వైర్ల దగ్గరే.

డ్రయ్యర్ దగ్గర ప్రెషర్ స్విచ్ ఉంటుంది. గ్యాస్ తగ్గినా, ప్రెషర్ మరీ పెరిగినా కంప్రెసర్‌ను ఆపేసేది అదే. కొందరు దాన్ని వైరుతో కలిపేసి పోతారు. అట్లా చేయనివ్వకు.

దేవరకొండ_800 | ఏప్రిల్ 19, రాత్రి 9:15

రెండు రోజులు షెడ్డులోనే కూర్చున్నాను. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను, వేరేవాళ్ళకు పనికొస్తుంది.

బిగించడం మొదటిరోజు సాయంత్రానికి అయింది. వాక్యూమ్ పెట్టాం. గేజి ముల్లు మైనస్ 28 అంగుళాల దాకా పోయింది. పంపు ఆపి టీ తాగి వచ్చేసరికి 27 మీద ఉంది. మెకానిక్ "ఆ మాత్రం పర్వాలేదు, గ్యాస్ కొట్టేద్దాం" అన్నాడు. నేను ఒప్పుకోలేదు. ఇంకో అరగంటకు 24కి వచ్చింది. అప్పుడు ఆయనే లీకుందని ఒప్పుకున్నాడు. వాక్యూమ్‌లో సబ్బు నురగ పనిచేయదు, గాలి లోపలికి పోతుంది కాబట్టి బుడగ రాదు. నైట్రోజన్ సిలిండర్ తెప్పించి 150 పీఎస్ఐ దాకా నింపి, షాంపూ నీళ్ళు కుంచెతో ప్రతి జాయింటుకూ రాశాం. కూలింగ్ కాయిల్‌లోంచి వచ్చే లావు గొట్టం దగ్గర, డ్యాష్ గోడకు ఆనుకున్న చోట, గసగసాలంత బుడగలు ఒక్కొక్కటిగా పుట్టడం మొదలైంది. టార్చ్ వేసి ముఖం దగ్గర పెడితే తప్ప కనబడదు. విప్పితే ఓ-రింగు ఒక పక్క నలిగి ఉంది. నూనె రాయకుండా పొడిగా తొడిగారు, అందుకే మెలిపడింది. కొత్తది పీఏజీ అనే కంప్రెసర్ నూనెలో ముంచి పెట్టాక ముల్లు రాత్రంతా 28 మీద కదల్లేదు. పొద్దున పోయి చూసినప్పుడు కలిగిన సంతోషం చెప్పలేను.

గ్యాస్ సీలున్న డబ్బా, తూకం మీదే నింపాం. గ్యాస్, నూనె 1,700. వైరింగ్, రిలేలు 1,400. కూలెంట్ 450. డైనమోతో కలిపి మొత్తం 28,250 అయింది. అనుకున్నదానికన్నా 3,250 ఎక్కువ. లోపల చల్లగా ఉంది! కానీ ఒక సమస్య. క్లాక్ టవర్ దగ్గర సిగ్నల్‌లో ఆగితే ఇంజిన్ ఊగిపోయి ఆగిపోతోంది. ఏసీ బంద్ చేస్తే మామూలుగానే ఉంది.

పాలమూరు_ఏసీ_షెడ్డు | ఏప్రిల్ 19, రాత్రి 10:30

శభాష్ తమ్మీ. ఆ ముల్లు 27 దగ్గరే గ్యాస్ కొట్టి ఉంటే నెలకు మళ్ళీ ఖాళీ అయ్యేది.

ఇంజిన్ ఆగిపోవడానికి కారణం చెప్తాను. ఎంపీఎఫ్ఐ బండిలో ఏసీ ఆన్ అయినట్టు ఇంజిన్ కంప్యూటర్‌కు సిగ్నల్ పోవాలి. అప్పుడది ఐడిల్ (బండి ఆగి ఉన్నప్పటి ఇంజిన్ వేగం) పెంచి బరువు మోస్తుంది. మీ ఎలక్ట్రీషియన్ స్విచ్ నుంచి నేరుగా క్లచ్‌కు రిలే వేసి ఉంటాడు, కంప్యూటర్‌కు చెప్పలేదు. స్టాండర్డ్ బండిలో ఆ వైరు ఉందో లేదో కనెక్టర్ విప్పి చూడాలి. నువ్వు తెచ్చిన ఏసీ బండి వైరింగ్ ముక్కతో పోలిస్తే ఏ పిన్నో తెలిసిపోతుంది. స్క్రూ తిప్పి ఐడిల్ పెంచుతానంటే వద్దను. పాత కార్బరేటర్ బండి అయితే వేరే, దానికి వాక్యూమ్‌తో పనిచేసే ఐడిల్-అప్ పెడతాం.

వనపర్తి_ఫిజిక్స్ | ఏప్రిల్ 20, ఉదయం 6:30

వైరింగ్ చేయించేటప్పుడు ఇంకొకటి చూడండి. ఏసీ, హెడ్‌లైట్లు, ఫ్యాను అన్నీ ఆన్ చేసి ఐడిల్‌లో బ్యాటరీ టెర్మినళ్ళ దగ్గర మల్టీమీటర్ పెట్టండి. 13.5 వోల్టుల దగ్గర ఉంటే డైనమో చాలుతున్నట్టు. 12.5 కన్నా కిందికి పడితే వేసవంతా బ్యాటరీ కొద్దికొద్దిగా ఖాళీ అవుతూనే ఉంటుంది.

దేవరకొండ_800 | మే 11, రాత్రి 9:00

ఇన్ని రోజులు రాయలేకపోయాను, క్షమించండి. సిగ్నల్ వైరు సంగతి షెడ్డు అన్న చెప్పిందే నిజం. ఏసీ బండి ముక్కతో పోల్చి చూస్తే మన బండి కనెక్టర్లో ఆ పిన్ను ఖాళీగా ఉంది. కలిపాక ఏసీ వేయగానే ఇంజిన్ కొంచెం లేచి నిలబడుతోంది, ఒక్కసారి కూడా ఆగలేదు. వోల్టేజీ 13.4 ఉంది సార్.

పోయిన వారం బయట 43 ఉన్నప్పుడు మధ్య వెంట్‌లో థర్మామీటర్ పెట్టాను. రోడ్డు మీద 60లో పోతుంటే 12 చూపించింది. ట్రాఫిక్‌లో ఆగితే 18, 19కి పోతుంది. టెంపరేచర్ ముల్లు సగం దాటలేదు. మైలేజీ లీటరుకు రెండు కిలోమీటర్లు తగ్గింది. కొండమల్లేపల్లి దాటాక ఎత్తు వచ్చినచోట లారీని దాటాలంటే ఏసీ బంద్ చేయాల్సి వస్తోంది, అది అలవాటైంది.

ఒకరోజు ఎడమవైపు మ్యాట్ తడిసిపోయింది. డ్రెయిన్ గొట్టం డ్యాష్ కింద ముడతపడి ఉంది, సరిచేశాను. ఇప్పుడు ఆపిన చోట బండి కింద నీళ్ళు చుక్కలు పడుతున్నాయి. అట్లా పడితేనే మంచిదని అర్థమైంది.

చౌటుప్పల్_అక్క | మే 11, రాత్రి 9:40

అమ్మ ఎట్లున్నారు తమ్ముడూ?

దేవరకొండ_800 | మే 11, రాత్రి 10:05

ఏసీ పెట్టినప్పటి నుంచి దారిలో వాంతి కాలేదు అక్కా. మొదటి వారం దారంతా నిద్రపోయింది. చల్లగాలి ఫిస్టులా (డయాలసిస్ సూదులు గుచ్చే రక్తనాళం) ఉన్న ఎడమ చెయ్యి మీద పడితే జివ్వుమంటోందని, ఆ వెంట్ నావైపు తిప్పించి చెయ్యి మీద కొంగు కప్పుకుంటుంది. నిన్న మాత్రం మేలుకునే ఉంది. నల్గొండ దాటాక బత్తాయి తోటలు చూస్తూ, నాన్న ఈ బండి కొన్న రోజున ఎవరెవరు ఎక్కారో చెప్పుకుంటూ వచ్చింది. షిఫ్ట్ కూడా జూన్ నుంచి మారుస్తామన్నారు.

గద్వాల_రైడర్ | మే 12, ఉదయం 8:20

అన్నా, మా మామ దగ్గర 2002 స్టాండర్డ్ 800 ఉంది, చేయిద్దామంటున్నాడు. బ్రాకెట్, పుల్లీ ఫొటోలు, ఆ కనెక్టర్ పిన్ను ఫొటో పెట్టగలవా?

దేవరకొండ_800 | మే 12, మధ్యాహ్నం 1:15

ఆసుపత్రి దగ్గరే ఉన్నాను తమ్మీ. సాయంత్రం ఇంటికి పోయాక బానెట్ తీసి ఫొటోలు పెడతాను. ఈలోపు మీ మామను రేడియేటర్ మూత తీసి టార్చ్ వేసి చూడమను.